రాతి ఏనుగు అడిగిన ఏడో తాత

సూర్యుడు నడినెత్తికెక్కి గంధకగిరి ఎర్రరాళ్లను కొలిమిలోని ఇనుములా కాలుస్తున్న వేళ, ఆ కొండ నడుం చుట్టూ రెండు బారల వెడల్పున పాకిన దారి మీద రెండు గుర్రాలు పరుగు తీస్తున్నాయి. ఎడమ పక్క ఆకాశాన్ని గీరుతున్న రాతిగోడ. కుడి పక్క అడుగు కనిపించని లోయ. ఆ లోయలోంచి నెమలికంఠం రంగు ఆవిరి మెలికలు తిరుగుతూ లేస్తోంది. గోడ పగుళ్లలో విరబూసిన నిప్పురంగు పూలు గాలికి రాలి గుర్రాల జూలులో చిక్కుకుంటున్నాయి. తీరిగ్గా చూసేవాడికి అది స్వర్గమే. వెనక తరుముకొచ్చేది ఉన్నవాడికి స్వర్గమూ ఒకటే, వల్లకాడూ ఒకటే.

తరుముకొస్తున్నది మనిషి కాదు, పొగ.

ముందు గుర్రం మీద గుర్రాల కాపరి వేషంలో ఉన్నది హేలాపురి రాకుమారి కువలయ. పెదవి మీద అతికించిన గుర్రపువెంట్రుకల మీసం ఒక పక్క ఊడి గాలికి ఊగుతోంది. వెనక గుర్రం మీద వస్తున్నవాడు ఆ మీసం కుట్టి ఇచ్చినవాడే. పేరు గుండన. నలభై అయిదేళ్లుంటాయి. రాజుగారి గుర్రపుసాలలో జీనులు కుట్టడం అతని పని. జీను కుట్టడం వేరు, దాని మీద కూర్చోవడం వేరు అని ఈ మూడు రోజుల్లో అతనికి బాగా తెలిసొచ్చింది.

“గుండన్నా! వెనక్కి చూడకు!”

“చూడక్కర్లేదు తల్లీ, మెడ మీద చల్లగా తగుల్తోంది!”

ధూమజటుడనే మాంత్రికుడి జడల్లోంచి పుట్టిన పొగ అది. దాన్ని పీల్చినవాడికి ఆకలి తెలుస్తుంది, దప్పిక తెలుస్తుంది, చేతికి అలవాటైన పనీ తెలుస్తుంది. తనవాళ్లెవరో మాత్రం తెలియదు. పది రోజుల కిందట హేలాపురి మీద అది దిగింది. ఒక తల్లి తన చంకలో ఉన్న బిడ్డను చూసి, ఎవరి బిడ్డో పాపం అనుకుని అరుగు మీద దించి వెళ్లిపోయింది. రాజు సింహాసనం మీద కూర్చుని, ఈ కుర్చీ ఎవరిదో ఏమో అని లేచి పక్కకు తప్పుకున్నాడు. ధూమజటుడు వచ్చి కూర్చున్నాడు. ఎవడు ఎవడి కొడుకో తెలియని ఊళ్లో వారసుడెవడని అడిగే నాలుక ఉండదు కదా! చిన్నప్పుడు వాణ్ణి ప్రతి గుమ్మంలోనూ “నీ అబ్బెవడ్రా?” అని అడిగారట. జవాబు లేదని దోసిట్లో నీళ్లు కూడా దూరం నుంచే పోశారట. అడిగినవాళ్లందరి నోట్లోంచీ వాడు ఆ జవాబే ఊడబెరికాడు. తప్పు వాడిదొక్కడిదే అని చెప్పడానికి నోరు రాదు.

ఆ రోజు ఊళ్లో లేక బతికిపోయినవాళ్లు ఇద్దరే. కువలయ వేటకు వెళ్లింది. గుండన తాతల్ని వెతకడానికి వెళ్లాడు.

అవును, తాతల్నే. అదీ అతని పిచ్చి. తద్దినానికి మూడు తరాల పేర్లు చాలు: తండ్రి, తాత, ముత్తాత. నాలుగోవాడికి పిండమూ లేదు, అతని పేరుతో ఎవరికీ పనీ లేదు. గుండనకు ఆ నాలుగోవాడి మీదే మనసు. పని లేని రోజున తోటివాళ్లు పొట్టేళ్ల పందేలకు పోతే, అతను పొరుగూళ్లకు పోయి ముసలమ్మల కాళ్ల దగ్గర కూర్చునేవాడు. “అవ్వా, మా ముత్తాత నాయన పేరు ఎప్పుడన్నా విన్నావా?” అక్షరాలు రావు కనక, ఒక తోలుపట్టీ మీద తాతకొక కుట్టు వేసుకున్నాడు. గుండన అనే పేరుకి ఎర్రదారం, మైలన అనే పేరుకి నీలిదారం. తాత పేరు మనవడికి పెట్టే ఇల్లు కనక ఆ రెండు పేర్లే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. తను వెతికి తెలుసుకున్నవాళ్లకు ఆ రెండు దారాలతో సరిపోయింది.

“చచ్చినవాళ్ల ఆరా నీకెందుకయ్యా, బతికున్నదాన్ని నేనొకత్తెను ఉన్నానుగా! నేను పొద్దున ఏం తిన్నానో చెప్పు చూద్దాం!” అని పెళ్లాం సబ్బమ దెప్పేది. ఇరవై రెండేళ్లు దెప్పింది. మొన్న అతను ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోకి వచ్చి, కొంగు సర్దుకుని, మర్యాదగా అడిగింది: “ఎవరండీ? ఎవరి కోసం వచ్చారు?”

ఆ ‘అండీ’, తోలు కుట్టే ఆరె గుండెలో దిగినట్టు దిగింది. ఆమె మళ్లీ ఒక్కసారి దెప్పితే చాలు, ఏ కొండైనా ఎక్కుతానని అతను బయల్దేరాడు.

ఎక్కవలసిన కొండ ఇదే. దీని గుహలో ఎరుకగంట ఉంది. అది మోగితే విన్నవాళ్లందరికీ తమవాళ్లు గుర్తుకొస్తారు. గంట తాడు రాజవంశం వాళ్ల చేతికే లొంగుతుంది. అది కూడా తమ ఏడు తరాలూ నిజంగా చెప్పి లాగితేనే. అబద్ధం చెబితే తాడు నిప్పవుతుంది. గంట దగ్గరికి వెళ్లే లోపలి వాకిలి మాత్రం రాజులకు తెరుచుకోదు. ఏడు తరాల తాతల్ని చెప్పగల మామూలు మనిషికే తెరుచుకుంటుంది. రాజుకైతే పక్కన నిలబడి వంశావళి పాడేవాళ్లుంటారు. పాడేవాడు లేనివాడు తనంతట తాను తెలుసుకుని రావాలి. ఆ గుహ తొలిపించినవాడెవడో లోకం ఎరిగినవాడు.

“అదిగో గుహ!”

కువలయ మాట పూర్తి కాకముందే పొగలోంచి ఒక పాయ విడివడింది. కాకిలా రెక్కలు విప్పి వచ్చి ఆమె గుర్రం ముక్కులో దూరింది. పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆమె చేతి శనగలు తిని పెరిగిన గుర్రం అది. ఠక్కున ఆగింది. మెడ తిప్పి, నా వీపు మీద ఈ మనిషెవరన్నట్టు చూసింది. ముందుకాళ్లు ఎత్తి ఒక్క విదిలింపు! రాకుమారి గాలిలో గిరికీ కొట్టి లోయ అంచు దాటి, రాతిలోంచి పొడుచుకొచ్చిన వేరును ఒంటిచేత్తో పట్టుకుని వేలాడింది.

గుండన గుర్రం మీది నుంచి దూకాడంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే పాకి, నడుముకు చుట్టుకున్న పొడవాటి తోలుతాడు, జీనువారు, విప్పి కిందికి వదిలాడు.

“కుట్టు ఆగుతుందా?” కింద నుంచి కువలయ అరిచింది.

“నా కుట్టు తల్లీ! తెగితే నన్నడుగు!”

“తెగితే అడగడానికి నేనుండొద్దూ?”

వేరు ఫట్‌మంది. ఆమె జీనువారు అందుకుంది. గుండన మడమలు రాతికి తన్నిపెట్టి, పచ్చితోలు లాగినట్టు పళ్లబిగువున లాగాడు. రాకుమారి పైకి వచ్చి పడీ పడకముందే ఇద్దరూ లేచి గుహలోకి పరుగెత్తారు. రెండో గుర్రం కూడా పొగలో నిలబడి, తాను గుర్రమన్నది తప్ప అన్నీ మరిచిపోయి, నిమ్మళంగా గడ్డి వెతుక్కుంటోంది.

లోపల ముంగిట్లో వాకిలికి అడ్డంగా నిలబడి ఉంది ఏనుగు. నల్లరాతి ఏనుగు. రెండు నిలువుల ఎత్తు. నుదుట పద్మరాగాల పట్టం, చెవుల అంచున వెండితీగ, దంతాలకు నాగబంధాలు. పైకప్పు బీటలోంచి దిగిన ఎండ దాని వీపు మీద పసుపు నీళ్లలా జారుతోంది. కుడి ముందరికాలు ఎత్తి ఉంది. దాని కింద, వాడకంతో నునుపెక్కిన బల్లబండ.

గుండన కాళ్లు అక్కడే నాటుకున్నాయి. పుట్టి బుద్ధెరిగాక అతను ఏనుగుకు ఇంత దగ్గరగా నిలబడలేదు.

రాతి కనురెప్పలు కిర్రుమన్నాయి. “పడుకో” అంది ఏనుగు.

“ఎక్కడ?”

“నా పాదం కింద. పాదానికీ నీ రొమ్ముకీ మూడు జానల ఎడం ఉంటుంది. అబద్ధానికొక జాన దిగుతాను. మూడో జాన దిగాక నువ్వు చెప్పేదేమీ ఉండదు.”

కువలయ తల పాగా విప్పి, గుహ నోటికి అడ్డంగా పట్టి, బయటి పొగను ఆపుతూ నిలబడింది. “తొందరగా కానీ గుండన్నా! ఈ గుడ్డ ఎంతసేపో ఆగదు. నీకు ఏడుగురూ వచ్చుగా?”

“వచ్చు తల్లీ. నా పట్టీ మీద ఏడు కుట్లున్నాయి.”

బండ మీద వెల్లకిలా పడుకుని, తోలుపట్టీ రెండు చేతుల్లో పట్టుకున్నాడు. వేలితో మొదటి కుట్టు తడిమాడు.

“మా నాయన మైలన. ఆయన నాయన గుండన.” పాదం కదలలేదు. “ఆయన నాయన మైలన. ఆయన నాయన గుండన.” కదలలేదు. వేలి కొసకు చల్లగా జరీదారం తగిలింది. గుండన గొంతులోకి తెలియకుండానే గర్వం వచ్చింది. “ఆయన నాయన, ముప్పైరెండు యుద్ధాలు గెలిచిన రణసింగ సేనాని!”

పాదం జానెడు దిగింది. పైనుంచి ఇసుక రాలి కళ్లలో పడింది.

“అన్యాయం!” గుండన అరిచాడు. “ఆ మాట మా తాతకు వంశాలు చెప్పే భట్టు చెప్పాడు! సేనాని, ఆయన నాయన, ఆయన తాత, ముగ్గురి పేర్లూ చెప్పాడు! జరీదారంతో కుట్టుకున్నాను!”

“చెప్పినందుకు ఏమిచ్చారు?”

“ఒక పెయ్యదూడ.”

  దూడనిచ్చినవాడికి సేనాని దొరికాడు. ఆవునిచ్చి ఉంటే చక్రవర్తి దొరికేవాడేమో.

గుండన వేళ్లు పట్టీ వెనక్కి తడిమాయి. ఎర్రకుట్టుకీ జరీకుట్టుకీ మధ్య కొంచెం ఎడం ఉంది. ఆ ఎడంలో గోటికి ఏదో తగిలింది. బెజ్జాలు. రెండు కుట్లకు సరిపడా బెజ్జాలు. గుడ్డకైతే సూది తీసేస్తే పోగులు కలుసుకుంటాయి. తోలు అలా కాదు. ఒకసారి ఆరె దిగిన చోటు పూడదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడేళ్ల కిందట ఒక అవ్వ చెప్పింది: గుండన హేలాపురి కొలువులో మొదటి జీను కుట్టాడని. మరో ఊళ్లో ఇంకో అవ్వ చెప్పింది: గుండన చెప్పుల్లేకుండా, పెళ్లాన్ని వెంటబెట్టుకుని, పరాయి దేశం నుంచి పారిపోయి వచ్చాడని. ముందు ఇద్దరికీ, వాళ్ల మధ్య మైలనకీ కుట్లు వేశాడు. తరవాత, పేరొకటే కదా, మనిషీ ఒకడే అయి ఉంటాడు, ముసలమ్మలు ఒకే కథను రెండు ముక్కలు చేశారు అనుకుని చివరి రెండు కుట్లు విప్పేశాడు. తాత పేరు మనవడికి పెట్టే ఇంట్లో పుట్టి, తాతనూ మనవణ్ణీ కలిపి ఒకణ్ణి చేసేశాడు. మధ్యలో ఉన్న కొడుకును అసలు లేకుండా చేసేశాడు.

“అయిదో తాత మైలన” అన్నాడు మెల్లగా. “నేను మింగేసిన మనిషి. ఆయన నాయన గుండన. చెప్పుల్లేకుండా వచ్చినవాడు. ఆరో తాత.”

పాదం కదలలేదు.

“గుండన్నా!” గుహ నోటి నుంచి కువలయ దగ్గుతూ అరిచింది. “పాగా అంచు చివికి రాలిపోతోంది!”

“ఇంకొక్కడే తల్లీ!” ఇక్కడ మనిషి బుద్ధి చూడండి. కిందకు దిగిన పాదం కళ్ల ముందే ఉంది. అయినా అరవై ఏళ్లుగా ఇంట్లో ముద్దుచేసి చెప్పుకున్న గొప్పను వదలడానికి చేయి రాలేదు. స్థానం తప్పింది గానీ మనిషి తప్పు కాదేమో అనుకున్నాడు. “ఆయన నాయన రణసింగ సే...”

రెండో జాన దిగింది. రాతి పాదం రొమ్ముకు జానెడు దూరంలో ఆగింది. దాని గోళ్ల మధ్య నల్లగా ఎండిన మరకలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. గుండన కళ్లు మూసుకున్నాడు. సబ్బమ ‘ఎవరండీ’ అంటూ జీవితాంతం గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. పోయింది ఎవరో కూడా తెలియకుండా, కనీసం ఏడవకుండా.

ఆ తలంపుతో అతనికి కోపం వచ్చింది. కోపంతో పాటు బుర్ర పనిచేసింది.

“ఆగు. నాకు తెలిసింది చెప్తాను. తెలియంది తెలియదంటాను. అది అబద్ధం కాదు కదా?”

“కాదు.”

“అయితే విను. ఆరో తాత గుండన తన కొడుక్కి తన నాయన పేరు పెట్టలేదు. మైలన అని, ఇంట్లో ఎన్నడూ లేని పేరు తెచ్చి పెట్టాడని ఆ రెండో అవ్వే చెప్పింది. మా ఇళ్లల్లో తాత పేరు తప్పించారంటే, ఆ పేరుతో బిడ్డను పిలవడానికి నోరు రాలేదన్నమాట. ఇంకోటి. ఏనుగు అంబారీకి తోలు కుడితే జీనుకన్నా రెట్టింపు మర్యాద. మావాళ్లు ఏడు తరాల్లో ఒక్కడూ కుట్టలేదు. ఊరేగింపులో ఏనుగు వస్తే ఊరంతా వీధిలోకి వస్తుంది, మేం తలుపులు వేసుకుంటాం. ఎందుకని అడిగితే ఆనవాయితీ అంటారు. నేనూ అడగడం మానేశాను. చచ్చినవాళ్ల పేర్లన్నీ అడిగాను గానీ ఇది అడగలేదు.” అతను పైనున్న పాదాన్ని చూశాడు. “ఏడో తాత మావటివాడు. నీలాంటి ఏనుగుతో చేయకూడనిది ఏదో చేశాడు. పేరు నాకు తెలియదు.”

ఏనుగు చెవులు కదిలాయి. “ఏదో ఒక పేరు ఊహించి చెప్పరాదూ? తగిలినా తగలొచ్చు.”

“చెప్పను. లేని తాతను తెచ్చే పని మా ఇంట్లో ఒకసారి దూడనిచ్చి చేయించారు. చాలు.”

 పాదం పైకి లేచింది. మూడు జానలూ దాటి, ఇంకా పైకి లేచి, పక్కకు జరిగి, ఎన్నో తరాల తరవాత మొదటిసారి నేల మీద ఆనింది.

“దుగ్గన” అంది ఏనుగు. రాయి పలికినట్టు లేదు, ముసలి మనిషి పలికినట్టుంది. “నా మావటి పేరు దుగ్గన. నాకు చెరకు పెట్టే ముందు తొక్క తీసి పెట్టేవాడు. ఒకనాడు ఒక గోతాంలో మనిషిని కుక్కి తెచ్చి ఈ బండ మీద పడేశారు. గజదొంగ, తొక్కించమని రాజాజ్ఞ. దుగ్గన చెప్పాడు, నేను తొక్కాను. గోతాం విప్పితే వేలికి రాచముద్ర. దొంగ కాదు, పెద్ద యువరాజు శశిధరుడు. తమ్ముడు జయంతుడు సింహాసనం కోసం చేయించిన పని. మర్నాడు దుగ్గన తనే వచ్చి ఇదే బండ మీద పడుకున్నాడు. ఎత్తిన కాలు దించమన్నాడు. మావటి మాట కదా, దించాను. మళ్లీ ఎత్తాను. ఆపైన దించడానికి మనసొప్పక రాయినయ్యాను.”

గుండన లేచి కూర్చున్నాడు.  చేయి చాచి, ఇన్ని తరాలుగా తనవాళ్లెవరూ తాకని ఆ తొండాన్ని తాకాడు.

“ఇంకొకటి కూడా విని వెళ్లు” అంది ఏనుగు. “జయంతుడికి పిల్లల్లేరు. అన్న కొడుకును, ఉయ్యాలలోని పసివాణ్ణి, తన కొడుకని చాటి పెంచాడు. ఇప్పుడున్న రాజవంశం ఆ పసివాడి సంతతి. కోటలో పాడే పాటలో ఏడో తాత జయంతుడంటారు. ఆ పేరు చెప్పి గంట లాగితే తాడు కాలుస్తుంది. వెళ్లు. నీ ఏడుగురూ నీ వెనక నిలబడ్డారు, పొగ నిన్ను అంటదు.”

వాకిలి రెండుగా విచ్చుకుంది. లోపల నిలువెత్తు కంచు గంట, దాని నుంచి దిగిన తాడు.

“తల్లీ! తెరుచుకుంది! పరుగెత్తుకురా!”

గుండన వెనక్కి తిరిగాడు. గుహ నోట చివికిపోయిన పాగా పీలికలు రాలి ఉన్నాయి. పొగ మోకాలి లోతున నెమ్మదిగా లోపలికి వస్తోంది. ఆ పొగలోంచి కువలయ నడిచి వచ్చింది. చేతిలో, మొలలోంచి దూసిన కత్తి. చేతికి అలవాటైన పని మరుపు రాలేదు. కళ్లలో మాత్రం ఎవరూ లేరు. అతన్ని వాకిలి లోపలికి నెట్టి, గంటకు ఎదురుగా ఉన్న రాతిగోడకు తోసి, కత్తిమొన గొంతుకు ఆనించింది.

“ఎవడివి నువ్వు? ఇక్కడికెందుకు తెచ్చావు నన్ను?” ఆమె గుహ చుట్టూ చూసింది. “నేనెవరి మనిషిని?”

బయట దారి మీద పాదుకల చప్పుడు వినిపిస్తోంది. ధూమజటుడు స్వయంగా వస్తున్నాడు. తొందర పడటం లేదు, తొందర పడవలసిన పని వాడికి లేదు.

గుండనకు కోట పాట మొత్తం వచ్చు. రాజ్యంలో అందరికీ వచ్చు. ఆరుగురి పేర్లు గబగబా చెప్పి, ఏడో పేరు ఒక్కటి మార్చి, శశిధరుడని చెప్పేస్తే సరిపోతుంది. ఎవరు చంపారని ఈ పిల్ల ఇప్పుడు అడగదు. కానీ ఆ తాడు సగం నిజానికి లొంగుతుందో లేదో ఎవరికి తెలుసు? అయినా సగం చెప్పి ఊరుకున్నవాళ్ల వల్లే గదా తన ఇల్లు ఇన్ని తరాలు తలుపులు వేసుకుని కూర్చుంది!

కత్తిమొన దగ్గర చర్మం చిట్లి నెత్తురు వెచ్చగా కారింది. అతను కదల్లేదు.

“చెప్తాను తల్లీ. నీ పేరు కువలయ. నీ ఏడో తాత శశిధరుడు, ఆ బండ మీద చచ్చిపోయాడు. ఆయన్ని తొక్కించినవాడు దుగ్గన. దుగ్గన నా ఏడో తాత. మధ్యలో నీవాళ్లు ఆరుగురున్నారు, ఒక్కొక్కరినే చెప్తాను, నా వెనకాలే అను. కత్తి తియ్యక్కర్లేదు. అక్కడే ఉంచి విను.”

కత్తి అక్కడే ఉంది. పాదుకల చప్పుడు గుహ నోట ఆగింది. రాకుమారి రెండో చేయి, ఎవరు చెప్పారో తెలియకుండానే, వెనక్కి సాగి గంట తాడును పట్టుకుంది.